పెట్టెలో వేయని బంతి

ఆ చలికాలంలో నా ఉద్యోగం పోయింది, నా భార్య చదువు ఆఖరి కోర్సుకు వచ్చింది. రెండింటికీ వారం తేడా.

1983 జనవరి. కార్ల బ్రేకులకు సామాను చేసే మా ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు ఎత్తేశారు. తొమ్మిదేళ్లు ఒకే మిషను ముందు నిలబడ్డవాణ్ణి. ఒక శుక్రవారం మధ్యాహ్నం అన్నం డబ్బా చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. మళ్లీ పిలుస్తామన్నారు. పిలుస్తారని నమ్మినవాడు మా షిఫ్టులో ఒక్కడూ లేడు.

మేముండే ఊరు నోవైలో అప్పటికి మన తెలుగువాళ్లు ఒక పెద్ద హాలుకు సరిపోయేంత మంది కూడా లేరు. ఉన్నవాళ్లలో ఒంటికి నూనె అంటించుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్లంతా ఇంజనీర్లు, డాక్టర్లు. ఆదివారం ప్రార్థన కూడికలో కొత్తగా వచ్చినవాళ్లు "బ్రదర్, మీరు ఏ డివిజన్లో?" అని అడిగేవారు. "నేల ఊడ్చే డివిజన్ పక్కది" అనేవాణ్ణి. నవ్వి వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయేవారు. నాకు ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మనిషి మాట్లాడే తీరులోనే తెలిసిపోతుంది కాబోలు.

నా భార్య విమలకుమారి నర్సు. నా కంటే ముందు ఈ దేశం వచ్చిందీ ఆవిడే, నన్ను రప్పించిందీ ఆవిడే. మాకు పిల్లలు లేరు. ముందటేడు ఒక భారీ మనిషిని మంచం మీద పక్కకు తిప్పబోయి నడుము పట్టేసింది. ఇక బరువులెత్తితే మంచాన పడతావని డాక్టరు చెప్పాడు. ఆస్పత్రిలో కంప్యూటర్ల విభాగం పెడుతున్నారు, చదువుకున్న నర్సులుంటే తీసుకుంటామన్నారు. దానికోసం రెండేళ్లుగా రాత్రి డ్యూటీ చేస్తూ పగలు యూనివర్సిటీకి వెళ్తోంది. ఆఖరి కోర్సు ఒకటే మిగిలింది, ఆపరేటింగ్ సిస్టమ్స్. అది గట్టెక్కితే కుర్చీలో కూర్చుని చేసే పని. లేదంటే మళ్లీ వార్డు, మళ్లీ ఆ నడుము.

"ఇన్నేళ్లూ ఆపరేషన్లలో నిలబడ్డదానివి, ఇదొక లెక్కా?" అన్నాను మొదటి రోజు.

"అందరూ అదే జోకు వేశారు. మీరు ఆఖరు" అంది.

డ్యూటీ దిగి వచ్చేసరికి ఆవిడ కళ్లు మూతలు పడుతుండేవి. రోడ్లేమో మంచుతో గాజుపలకల్లా ఉండేవి. ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనే కాబట్టి రోజూ నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లేవాణ్ణి. ఆవిడ పక్క సీట్లో నిద్రపోయేది. అరగంట దారి. పన్నెండేళ్ల కాపురంలో మేము రోజూ కలిసి ప్రయాణం చేసింది ఆ నాలుగు నెలలే. అందులోనూ ఒకరు నిద్రలో.

ఆవిడ క్లాసులో ఉన్నంతసేపూ నేను టెర్మినల్ రూము బయట బల్ల మీద కూర్చునేవాణ్ణి. అద్దం గోడ అవతల పిల్లలు వరసగా ఆకుపచ్చ అక్షరాల ముందు కూర్చుని ఉండేవారు. మూలన పెద్ద ప్రింటరు కాగితాన్ని మడతలు మడతలుగా కక్కుతుండేది. వచ్చేపోయేవాళ్లు నన్ను చూసి జానిటర్ అనుకునేవారు. ఒకమ్మాయి వచ్చి ఆడవాళ్ల బాత్‌రూములో నీళ్లు నిలిచిపోయాయని చెప్పింది కూడా. వెళ్లి చెయ్యగలిగింది చేసి వచ్చాను. కాదని చెప్పడం కంటే అదే సులువనిపించింది.

అక్కడ శ్యామ్‌సుందర్ అని హైదరాబాదు కుర్రాడు ఉండేవాడు. ఎమ్మెస్ చేస్తూ విమల క్లాసుకు హోంవర్కులు దిద్దేవాడు. మంచివాడే. కాకపోతే తనకు తెలిసింది ఎదుటివాడికి తెలియదన్న సంతోషం ముఖంలో దాచుకోలేకపోయేవాడు.

"ఏందన్నా, దినాం వస్తున్నరు, మీరు గూడ అడ్మిషన్ తీస్కున్నరా?"

"కారు కాపలా" అన్నాను.

"వదినకు చెప్పిన, కోర్సు డ్రాప్ చెయ్యుమని. మిడ్‌టర్మ్‌ల సీ వచ్చింది. ఇగ ప్రాజెక్టే మిగిలింది. అది సగం మార్కులు. బీ రాకుంటే ఆ సర్టిఫికెట్ ఇయ్యరు గద."

నాకు ఆ సంగతి విమల చెప్పలేదు. సీ వచ్చిందనీ చెప్పలేదు. "తెలుసు" అన్నాను.

"గా ప్రోగ్రామ్ ఏందంటే..." అని మొదలుపెట్టి, నా వంక చూసి ఆగాడు. "మీకు బోర్ కొడ్తది లే అన్నా."

ఆ రోజు తిరుగు దారిలో విమల నిద్రపోలేదు. ఒళ్లో మడతల కాగితం విప్పుకుని పెన్సిలుతో గీతలు గీస్తోంది. గరాజ్ తలుపు తీస్తుంటే అంది, "ప్రోగ్రాము ఒకసారి నలభైసార్లు తిరిగి ఆగిపోతుంది. ఒకసారి మూడొందల సార్లు. ఒక్కోసారి ఆగనే ఆగదు. ఇంకో పది రోజుల్లో ఇచ్చెయ్యాలి."

"మిషన్‌లో తేడా ఉందేమో."

"మిషన్‌లో కాదు. నాలోనే."

మార్చి నెలాఖరు శనివారం పొద్దున్న. విమలకు సెలవు. బయట మంచు కరిగి బురద అయింది. నేను పప్పు తాలింపు పెడుతుంటే ఆవిడ వంటింటి బల్ల మీద కాఫీ డబ్బా ఖాళీ చేసి పెట్టింది. గిన్నెడు చిక్కుడు గింజలు తెచ్చింది. గరిటె ఒకటి తీసింది.

"స్టవ్ తగ్గించి ఇటు రండి. మీరు రెండు ప్రోగ్రాములు. నేను రెండు."

"నేనా?"

"మనిషి కావాలి. నాకు ఒక్కదానికీ అందడం లేదు."

ఏదో చెయ్యి సాయం అనుకుని కూర్చున్నాను. ఆవిడ చెప్పింది. మిషను ఒకటే. దాని మీద చాలా ప్రోగ్రాములు ఒకేసారి నడుస్తున్నట్టు కనిపిస్తాయి గానీ, క్షణానికి నడిచేది ఒకటే. ఎవరు నడవాలి, ఎవరు ఆగాలి, ఎవరిని ఎప్పుడు లేపాలి అని చూసుకునేదే ఆపరేటింగ్ సిస్టమ్. ఆవిడ ప్రాజెక్టులో ఇద్దరు గింజలు వేసేవాళ్లు, ఇద్దరు తీసేవాళ్లు. డబ్బా దగ్గరికి ఎవరు వెళ్లాలన్నా గరిటె చేతిలో ఉండాలి. గరిటె ఒకటే.

"గరిటె లేకుండా వెళ్తే?"

"ఇద్దరూ ఒకేసారి చెయ్యి పెడతారు. అంతా పాడైపోతుంది."

"ఊఁ" అన్నాను. చాలా ఏళ్లుగా తెరవని తలుపేదో కిర్రుమన్నట్టు అయింది.

"డబ్బా ఖాళీగా ఉంటే మీరు కళ్లు మూసుకుని పడుకోవాలి. గింజ పడ్డాక మిమ్మల్ని లేపుతాను. లేపేదాకా తెరవకూడదు. డబ్బా నిండితే నేను పడుకోవాలి. మీరొచ్చి తీసి నన్ను లేపాలి. సరేనా?"

కళ్లు మూసుకున్నాను. గింజ పడిన చప్పుడు. ఇంకొకటి. ఇంకొకటి. పప్పులో ఇంగువ వాసన. నన్నెవరూ లేపలేదు. ఆవిడ ఊపిరి వినిపిస్తోంది, అంతే. తర్వాత అదీ నెమ్మదించింది.

"విమలా?"

"తెరవండి."

డబ్బా నిండిపోయి ఉంది. ఆవిడ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని చూస్తోంది.

"ఇదిగో. ఇదే అవుతోంది. నేను డబ్బా నిండిందని పడుకున్నాను. మీరు ఖాళీ అని పడుకున్నారు. అందరం నిద్రే. ఎవరు ఎవర్ని లేపాలి? కానీ లేపమని నేను రాశాను. ఇదిగో, గరిటె వెనక్కి పెట్టేటప్పుడు లేపమని స్పష్టంగా రాశాను."

"మళ్లీ చెయ్యి. ఈసారి నేను చూస్తాను."

మళ్లీ చేసింది. కుడి చెయ్యి ఒక ప్రోగ్రాము, ఎడమ చెయ్యి ఇంకొకటి. కుడి చేత్తో గింజ వేసి, గరిటెను పక్కన ఉన్న గిన్నెలో పెట్టకుండా తిన్నగా ఎడమ చేతికి అందించింది.

"ఆగు. అదేంటి?"

"ఏది?"

"గిన్నెలో పెట్టలేదు. చేతికి ఇచ్చేశావు."

"పక్కవాడు ఎలాగూ కాచుకుని ఉన్నాడు కదండీ. గిన్నెలో పెట్టి మళ్లీ తియ్యడం టైమ్ దండగ. అందుకని వాడికే ఇచ్చెయ్యమని రాశాను. గరిటె ఒకటే కదా, తప్పేముంది? ఇద్దరి చేతుల్లో ఎప్పుడూ ఉండదు."

"ఉండదు" అన్నాను. "ఇద్దరి చేతుల్లో ఉండదు. ఢీకొట్టుకోరు. కానీ బంతి పెట్టెలో పడలేదు. పెట్టెలో పడితేనే అవతలివాడికి గంట."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "ఏం బంతి?"

నేను రైల్వేలో పోర్టరుగా చేశానని ఆవిడకు తెలుసు. పై అధికారితో పడక మానేశానని చెప్పి ఉంచాను. పెళ్లిచూపుల నాటి మాట అది. పన్నెండేళ్లుగా అలాగే నడిచిపోయింది.

చెప్పాను. మా స్టేషను కొండ్రుపూడి. ఒకటే లైను. అటు నుంచి రైలు వస్తుంటే ఇటు నుంచి పోకూడదు. అందుకోసం రెండు స్టేషన్లలోనూ రెండు ఇనప పెట్టెలు, వాటిలో ఉక్కు బంతులు. అవతలి మాస్టరు ఒప్పుకుని మీట నొక్కితేనే ఇవతల పెట్టెలోంచి బంతి ఊడుతుంది. ఒకటి బయట ఉంటే రెండోది ఊడదు. ఆ బంతిని తోలు సంచిలో వేసి, పేము చట్రానికి తగిలించి, ప్లాట్‌ఫారం చివర నిలబడి కదిలే ఇంజనులో డ్రైవరు చేతికి అందించాలి. బంతి చేతిలో లేకుండా ఏ డ్రైవరూ కదలడు. వచ్చిన రైలు తెచ్చిన బంతిని మన పెట్టెలో వేస్తే, రైలు చేరిందని అవతల గంట మోగుతుంది.

విమల పెన్సిలు కింద పెట్టింది. "ఇది పుస్తకంలో ఉందండీ. ఇంచుమించు ఇదే. రైలు బొమ్మ కూడా వేశాడు."

"వేస్తాడు. చట్రం పట్టుకున్నవాడి బొమ్మ వేసి ఉండడు."

"మరి చేతికి ఇచ్చెయ్యడం?"

అది నా తెలివి. ప్యాసింజరు వచ్చేసరికి గూడ్సు అదే దారిలో పోవడానికి కాచుకుని ఉండేది. పెట్టెలో బంతి వేసి, గంట కొట్టి, అవతలి మాస్టరు తీరిగ్గా ఒప్పుకుని, మళ్లీ బంతి తీసి... పదిహేను నిమిషాలు. నేను ఒక చేత్తో ప్యాసింజరు డ్రైవరు విసిరిన చట్రం అందుకుని, అటే పరిగెత్తి గూడ్సు డ్రైవరు చేతికి ఇచ్చేసేవాణ్ణి. మాస్టరు జగన్మోహన్ గారు చూసీ చూడనట్టు ఉండేవారు. రిజిస్టరులో గంటలన్నీ తర్వాత రాసుకునేవారు. అవతలి మాస్టరూ ఇలాంటివాడే. గూడ్సు డ్రైవర్లు నాకు బీడీకట్టలు ఇచ్చేవారు. నా పేరు కుదించి 'దైవం ఉంటే లైను ఖాళీ' అనేవారు. ఆ స్టేషనులో నన్ను మెచ్చుకున్న పని అదొక్కటే.

"రైళ్లు ఢీకొన్నాయా?" అంది విమల.

"బంతి ఒకటే కదా. ఎలా ఢీకొంటాయి?"

"మరి?"

"మధ్యలో గేటు ఉంది. పదిహేడో నంబరు. అవతలి స్టేషను నుంచి గంట వస్తేనే గేటు వెయ్యాలి. అవతల గంటే మోగలేదు. గేటు లెక్కలో ప్యాసింజరు దాటిపోయింది, లైను మీద ఇంకో రైలు లేదు. గేటు తీసే ఉంది. గడ్డిబండి వెళ్తోంది."

ఆవిడ ఇంకేమీ అడక్కపోతే బాగుండుననుకున్నాను. నర్సు. అడుగుతుంది.

"బండిమనిషి?"

"అక్కడికక్కడే. ఒక ఎద్దు బతికింది."

"గేటు దగ్గర మనిషి?"

"నరసింహ అని. మా స్నేహితుడే. ఆదివారాలు చేపలు పట్టేవాళ్లం."

"మీ ఉద్యోగం తీసేశారా?"

"నాది కాదు. వాడిది."

కుక్కర్ లేని ఇంట్లో అన్నం ఉడికే చప్పుడు మెత్తగా ఉంటుంది.

"ఎంక్వైరీలో మిమ్మల్ని ఏమడిగారు?"

"బంతి పెట్టెలోంచి తీశావా అని."

"మీరేం చెప్పారు?"

"ఇద్దరు మాస్టర్లూ గంట కొట్టామనే రాశారు. గేట్‌మన్ నిద్రపోయాడని రాశారు. నాకు ఇరవై రెండేళ్లు. కాగితం ముందు పెట్టారు. పెట్టెలోంచే తీశానని సంతకం పెట్టాను."

విమల తల ఊపింది, రోగి ఎక్కడ నొప్పో చెబితే ఊపినట్టు. తర్వాత మడతల కాగితం దగ్గరికి లాక్కుంది. ఒక చోట వేలు పెట్టింది.

"అయితే ఇక్కడ. చేతికి ఇచ్చేముందు గంట కొట్టాలి. ముందు నిద్రపోయేవాణ్ణి లేపాలి."

"అంతే."

రాసుకుంది. పెన్సిలు ముక్కు విరిగింది. చెక్కుకుని మళ్లీ రాసుకుంది. నేను లేచి పప్పు దించాను, అడుగంటింది.

సోమవారం ఆ ప్రోగ్రాము పది వేలసార్లు తిరిగింది, ఆగలేదు. విమల టెర్మినల్ రూములోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది, నడుము సంగతి మరచిపోయి. వెనకే శ్యామ్‌సుందర్.

"ఏం పట్టుకున్నరు వదినా! ప్రొఫెసర్ గూడ షాక్. నేను రెండు వారాలు చూసిన, నాకే దొరకలె. ఎవరు జెప్పిన్రు?"

విమల నా వైపు చూసింది. నేను బూట్లకు అంటిన బురద చూసుకుంటున్నాను. నాకు చెప్పాలనే ఉంది. నన్ను జానిటర్ అనుకున్న ప్రతివాణ్ణీ పిలిచి చెప్పాలని ఉంది. కానీ ఆ తప్పు పట్టుకున్నది నేనేనని చెప్పుకోవాలంటే, ఆ తప్పు నాకెలా తెలుసో కూడా చెప్పుకోవాలి.

"ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే తట్టింది" అంది విమల.

కారులో చాలా దూరం వచ్చాక అడిగింది, "ఆయన ఉన్నాడా?"

ఎవరని నేను అడగలేదు. "తెలీదు."

"తెలుసుకోలేదా?"

"రెండేళ్ల తర్వాత నేనే మానేశాను కదా. ఆ స్టేషనులో నిలబడలేకపోయాను."

"మీరు నిలబడలేకపోయిన సంగతి అడగలేదండీ నేను."

ఆ తర్వాత రోజుల్లో ఆవిడ ఏదీ మార్చలేదు. డ్యూటీ నుంచి రాగానే టీ అడిగేది, పరీక్షకు చదివేది, పక్క సీట్లో నిద్రపోయేది. ఏప్రిల్ నెలలో రోడ్డు పక్కన గడ్డి పచ్చబడింది. కానీ నేను చెప్పబోయే మాటల కోసం ఆవిడ కాచుకుని ఉందని నాకు తెలుస్తూనే ఉంది. మాట్లాడుతూ మధ్యలో ఆగేది. నేను ఆ ఖాళీలో వాతావరణం గురించి ఏదో అనేవాణ్ణి.

కోర్సులో ఏ వచ్చింది. మే మూడో ఆదివారం మా ఇంట్లోనే కృతజ్ఞత కూడిక పెట్టాలంది. మనవాళ్లలో అది ఆనవాయితీ. ఏదైనా మేలు జరిగితే నలుగురినీ పిలిచి, పాట పాడి, ప్రార్థన చేసి, మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. ముందు ఇంటావిడ చెబితే తర్వాత ఇంటి పెద్ద చెప్పాలి. ఆ తర్వాత భోజనం.

శనివారం ఉల్లిపాయలు తరుగుతూ అంది, "రేపు మీరు సాక్ష్యం చెబుతారా?"

"నేనేం చెప్పను? చదివింది నువ్వు."

"మీకు తెలుసు ఏం చెప్పాలో."

"వాళ్లముందా? సామ్యూల్ గారి ముందా? ఆయన కారు ఇంజన్లు గీసే మనిషి. ఇన్నాళ్లూ వాళ్ల పక్కన ఎలా కూర్చున్నానో నీకు తెలీదు."

"వాళ్లముందు కాకపోతే ఇంకెవరి ముందండీ? నరసింహ గారి ముందా? అదైనా సరే."

"చూద్దాం" అన్నాను. ఉల్లిపాయలు కావడంతో కళ్లు తుడుచుకోవడానికి ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది.

ఇరవై మంది వచ్చారు. సోఫా వెనక్కి జరిపి నేలమీద దుప్పట్లు పరిచాం. సామ్యూల్ గారు పెద్ద గొంతుతో ప్రార్థన చేశారు, మా ఫ్యాక్టరీ కోసం కూడా చేశారు. దేవుడికి అర్థం కావాలని కాబోలు, ఇంగ్లీషులో. తర్వాత విమల లేచింది. నడుముకు దెబ్బ తగలడం, రాత్రి డ్యూటీలు, మిడ్‌టర్మ్ సీ, అన్నీ చెప్పింది. ప్రాజెక్టు ఆగిపోవడం చెప్పింది.

"అప్పుడు నాకు దేవుడు ఒక మనిషి ద్వారా చూపించాడు. ఆయన చాలా ఏళ్ల కిందట మన దేశంలో రైలు స్టేషనులో పనిచేశారు" అంది. బంతి సంగతి, పెట్టె సంగతి చేతులు తిప్పుతూ చెప్పింది. తోలు సంచి, పేము చట్రం కూడా వదల్లేదు. గేటు సంగతి చెప్పలేదు. అక్కడ ఆపింది. ఆ మనిషి పేరూ చెప్పలేదు. అందరూ ప్రభువుకు స్తోత్రం అన్నారు.

సామ్యూల్ గారి కూతురు శాంతికి పదిహేనేళ్లు ఉంటాయి. ఇక్కడే పుట్టిన పిల్ల. మోకాళ్ల మీద ముందుకు జరిగి అడిగింది, "ఆంటీ, దట్ ఈజ్ సో కూల్. ఆ ట్రైన్ మేన్ ఎవరు? ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు?"

విమల కూర్చుంది. చీర కొంగు సర్దుకుని నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. దారి ఇచ్చినట్టు చూసింది. సామ్యూల్ గారు, "ఇక దైవాశీర్వాదం బ్రదర్ సాక్ష్యం" అన్నారు.

లేచాను. ఇరవై ముఖాలు. అందులో సగం మంది నన్ను సరిగా చూడడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

"నేను చదువుకున్నవాణ్ణి కాదు" అన్నాను. "నా భార్య చదువుకుంది. దేవుడు ఆవిడను పాస్ చేశాడు. ఆయనకు వందనాలు."

"అంకుల్, ట్రైన్ మేన్?" అంది శాంతి.

"అదంతా పాత సంగతమ్మా. పలావు చల్లారిపోతుంది, అందరూ లేవండి."

నవ్వారు. లేచారు. ప్లేట్ల చప్పుడు మొదలైంది. సామ్యూల్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, "షార్ట్ అండ్ స్వీట్, బ్రదర్" అన్నారు. విమల వంటింట్లోకి వెళ్లి పెరుగుపచ్చడి తెచ్చింది. అందరికీ వడ్డించింది. నాకూ వడ్డించింది.

ఆ రోజు నుంచి ఆవిడ మాట్లాడుతూ మధ్యలో ఆగడం మానేసింది.

జూన్‌లో మా ఊరి ఆస్పత్రి ఆ విభాగం పెట్టడం వచ్చే ఏడాదికి వాయిదా వేసింది. విమల ఆగలేదు. అరోరాలో ఒక ఆస్పత్రికి అప్లై చేసింది, ఇంటర్వ్యూకి తనే డ్రైవ్ చేసుకుని వెళ్లింది. ఐదు గంటల దారి. నన్ను తోడు రమ్మనలేదు. ఉద్యోగం వచ్చింది. కుర్చీ, బల్ల, ఆకుపచ్చ అక్షరాలు. ఆగస్టు మొదటి వారంలో చేరాలి.

"మీరు వస్తారా?" అంది, పెట్టెలో చీరలు సర్దుతూ. అడగడంలో లోటేమీ లేదు. రావద్దన్నట్టూ లేదు, రమ్మన్నట్టూ లేదు.

"ఫ్యాక్టరీ నుంచి పిలుపొస్తే?"

"అవును. వస్తే కష్టం" అంది.

ఇద్దరికీ తెలుసు పిలుపు రాదని. నేనే ట్రంకు మోసి కారులో పెట్టాను, ఆవిడ నడుము కోసం. వెళ్లేముందు ఫ్రిజ్ తలుపు తీసి ఏ డబ్బాలో ఏముందో చూపించింది. బల్ల మీద ఇండియాకు రాసే నీలం ఉత్తరం కాగితం ఒకటి పెట్టింది. దాని మీద పెన్ను పెట్టింది.

మూడు రోజులు ఆ కాగితం పక్కనే అన్నం తిన్నాను. మనుషుల్లేని ఇంట్లో ఫ్రిజ్ మోత ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. నాలుగో రోజు విమల ఫోన్ చేసింది. అపార్ట్‌మెంటు బాగుంది, కిటికీ తూర్పుకు ఉంది, పక్కింట్లో మన వరంగల్ వాళ్లున్నారు అని చెప్పింది. "తిన్నారా?" అంది. ఉత్తరం సంగతి అడగలేదు. నేనూ ఎత్తలేదు. వారానికొకసారి చేస్తానని పెట్టేసింది.

ఫోన్ పెట్టాక కాగితం ముందు కూర్చున్నాను. ఉత్తరం రాయడం నాకు రాదనుకున్నాను గానీ, వచ్చింది. నాలుగు గంటలు పట్టింది. బంతి పెట్టెలోంచి తియ్యలేదని రాశాను. గంట మోగలేదని, నువ్వు నిద్రపోలేదని రాశాను. ఎవరికి చూపించుకున్నా సరేనని రాసి, కింద నా పూర్తి పేరు, తండ్రి పేరు, అప్పటి నా ఉద్యోగం నంబరు కూడా వేశాను. కాగితం మడిచి అంచులు తడిచేసి అంటించాను.

వెనక వైపు నా చిరునామా ముందు రాశాను. తర్వాత తిప్పి, నరసింహ అని రాశాను. ఇంటిపేరు గుర్తురాలేదు. అసలు తెలుసా? ఊరు అడగలేదెప్పుడూ. డ్యూటీ దిగితే గేటు పక్క గదిలోనే వండుకుని తిని పడుకునేవాడు. ఆదివారాలు నేనే అక్కడికి వెళ్లేవాణ్ణి. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వాడిది నాకు తెలిసిన చిరునామా ఒక్కటే, పదిహేడో నంబరు గేటు. ఆ గేటు నుంచే వాణ్ణి పంపించేసింది నా సంతకం.

అదే రాశాను. రాసి, బూట్లు వేసుకుని పోస్టుడబ్బా దాకా నడిచి వెళ్లాను.